చవక ప్రాసెసర్‌తో ఎక్కువ వేగం: ఓవర్‌క్లాకింగ్‌కు ఎంపిక ఎలా?



ఈ రోజు మన పాఠం సగం భౌతికశాస్త్రం, సగం బజారు లెక్క. మీలో చాలామంది ఇంటర్మీడియెట్ పూర్తయ్యాకనో, ఇంజినీరింగ్‌లో చేరాకనో మొదటిసారి సొంత కంప్యూటర్ కొనుక్కుంటారు. సికింద్రాబాద్ వాళ్లయితే సి.టి.సి.కి, చెన్నైలో ఉన్నవాళ్లు రిచీ స్ట్రీట్‌కి, ఢిల్లీలో ఉన్నవాళ్లు నెహ్రూ ప్లేస్‌కి వెళ్లి విడిభాగాలు ఏరుకుని అసెంబుల్ చేయించుకుంటారు. చేతిలో ఉన్న డబ్బుకు ఒక హద్దు ఉంటుంది. అది నాన్నగారు చీటీ పాడి తెచ్చిన డబ్బు కావచ్చు, అమ్మ దాచిపెట్టి ఇచ్చినది కావచ్చు. సరిగ్గా ఆ సమయంలోనే ఒక స్నేహితుడు చెవిలో వేస్తాడు: "అంత ఖరీదైన ప్రాసెసర్ ఎందుకురా? చవకది కొనుక్కో, ఓవర్‌క్లాక్ చేసుకో. రెండూ ఒకటే."

ఈ మాట ఒకప్పుడు అక్షరాలా నిజం. ఇప్పుడు కొంత నిజం, కొంత కాదు. ఎప్పుడు నిజమో, ఎప్పుడు కాదో తేల్చుకోవడానికి ఒకరి మాట మీద ఆధారపడనక్కరలేదు. పదో తరగతి గుణకారాలు, ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రం చాలు. రండి, మొదటినుంచి చూద్దాం.

గడియారం ఏం చేస్తుంది?

ఇల్లు కట్టే చోట కూలీలు వరుసగా నిలబడి కింది నుంచి పై అంతస్తుకు ఇటుకలు అందించడం మీరు చూసే ఉంటారు. పక్కన ఒకరు డప్పు కొడుతున్నారనుకోండి. ఒక్కో దెబ్బకు ప్రతి ఒక్కరూ తమ చేతిలోని ఇటుకను పక్కవారికి అందించి, వెనకవారి నుంచి ఇంకొకటి అందుకోవాలి. దెబ్బల వేగం పెంచితే ఇటుకలు త్వరగా పైకి చేరతాయి. ఎంతవరకు పెంచవచ్చు? ఆ వరుసలో అందరికన్నా నెమ్మదైన మనిషి అందుకోగలిగినంత వరకే. అది దాటితే ఇటుక కింద పడుతుంది.

ప్రాసెసర్‌లో జరిగేది ఇదే. ట్రాన్సిస్టర్ల గొలుసుల గుండా సంకేతం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు, గడియారపు ఒక్కో తాళానికి ఒక్కో అడుగు చొప్పున కదులుతుంది. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల తాళాలు. ఒక తాళానికి దొరికే సమయం సెకనులో 300 కోట్లవ వంతు. చిప్‌లో అన్నిటికన్నా పొడవైన గొలుసు ఆ కాస్త సమయంలో తన లెక్క పూర్తిచేయాలి. చేయలేకపోతే ఇటుక పడ్డట్టే, సున్నాకు బదులు ఒకటి నమోదవుతుంది. కంప్యూటర్ ఆగిపోవచ్చు. ఆగకుండా తప్పు లెక్కతోనే ముందుకు పోవచ్చు. రెండోది మొదటిదానికన్నా చెడ్డది. ఎందుకో తరువాత చెబుతాను.

తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి ఈ గడియారాన్ని నడిపించడమే ఓవర్‌క్లాకింగ్.

ఆ వేగం ఎక్కడినుంచి వస్తుంది? మదర్‌బోర్డు మీద ఒక మూల గడియారం ఉంటుంది. దాన్ని ప్రాసెసర్ ఒక గుణకంతో హెచ్చిస్తుంది. మూల వేగం 100 మెగాహెర్ట్జ్, గుణకం 36 అయితే ప్రాసెసర్ వేగం 3,600 మెగాహెర్ట్జ్, అంటే 3.6 గిగాహెర్ట్జ్. కాబట్టి వేగం పెంచడానికి దారులు రెండే: మూల వేగం పెంచడం, లేదా గుణకం పెంచడం. చవక ప్రాసెసర్ ఎంపిక అంతా ఈ రెండు దారుల్లో ఏది తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్న దాని మీదే నడుస్తుంది.

ఒక చవక చిప్ చరిత్ర

ఈ విషయం అర్థం కావడానికి 1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ కన్నా మంచి ఉదాహరణ లేదు. ఇప్పుడు అది బజారులో దొరకదు, దొరికినా పనికిరాదు. కాని దాని లెక్క ఒకసారి వేసిన వాళ్లు మరే ప్రాసెసర్ దగ్గరా మోసపోరు. అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఇంటెల్ మొదటి సెలెరాన్‌ను తెచ్చింది. ఖర్చు తగ్గించడానికి అందులో రెండో స్థాయి క్యాష్ జ్ఞాపకాన్ని పూర్తిగా తీసేసింది. క్యాష్ అంటే ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే చిన్న, వేగవంతమైన జ్ఞాపకం. వంట చేసేటప్పుడు పొయ్యి పక్కనే పెట్టుకునే పోపుల డబ్బా లాంటిది. అది లేకపోతే ప్రతి ఆవగింజకూ సామాన్ల గదికి పరుగెత్తాలి. ఆ సెలెరాన్‌కు మంచి పేరు రాలేదు. నాలుగు నెలల తరువాత వచ్చిన 300ఎలో 128 కిలోబైట్ల క్యాష్‌ను చిప్ లోపలే పెట్టారు. అది ప్రాసెసర్‌తో సమానమైన వేగంతో నడిచేది. దాని మూల వేగం 66 మెగాహెర్ట్జ్, గుణకం నాలుగున్నర, రెండూ హెచ్చిస్తే 300. ధర 149 డాలర్లు.

అదే సమయంలో వచ్చిన పెద్ద ప్రాసెసర్ పెంటియం 2, 450 మెగాహెర్ట్జ్. దాని ధర 669 డాలర్లు. దానికి మూల వేగం 100, గుణకం నాలుగున్నర.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ రెండు గుణకాలను చూడండి. రెండూ నాలుగున్నరే. మూల వేగాన్ని 66 నుంచి 100కు మార్చగలిగితే 300 కాస్తా 450 అవుతుంది. రెండు చిప్‌లూ ఒకే 0.25 మైక్రాన్ పద్ధతిలో తయారైనవే. ఆ ఏడాది వచ్చిన 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులు 100 మెగాహెర్ట్జ్ మూల వేగాన్ని అధికారికంగా ఇచ్చేవి. బోర్డులో ఒక అమరిక మార్చితే చాలు. కొందరు స్లాట్‌లోకి వెళ్లే బి21 అనే కాలు మీద చిన్న టేపు ముక్క అంటించి, బోర్డు తనంతట తానే 100ను ఎంచుకునేలా చేసేవారు. పెంటియం 2లో క్యాష్ 512 కిలోబైట్లు, కాని అది విడి చిప్‌లలో ఉండి సగం వేగంతోనే నడిచేది. అందుచేత చాలా పనుల్లో 149 డాలర్ల చిప్ 669 డాలర్ల చిప్‌కు సరితూగింది.

అయితే మన ఎంపికకు పనికొచ్చే అసలు పాఠం ఇంకొకటి ఉంది. అదే రోజు సెలెరాన్ 333 కూడా వచ్చింది. ధర ఎక్కువ, అంకె ఎక్కువ, మామూలుగా నడిపితే వేగమూ ఎక్కువే. మరి ఓవర్‌క్లాకింగ్ కోసం కొనేవారు దాన్ని వదిలి 300ఎ ఎందుకు కొన్నారు? 333 గుణకం 5. మూల వేగం 100కు మారిస్తే 500 మెగాహెర్ట్జ్ కావాలి. ఆనాటి సిలికాన్ 450 వరకు హాయిగా వెళ్లేది, 500 దగ్గర తడబడేది. గుణకం తాళం వేసి ఉంది కనుక దాన్ని నాలుగున్నరకు దించడానికి వీల్లేదు. మరి 100కు బదులు మధ్యలో 83 పెట్టుకుంటే? 83 ఐదులు 415. వినడానికి బాగానే ఉంది. కాని ఇక్కడ ఒక గొయ్యి ఉంది.

మూల గడియారం ప్రాసెసర్‌ను మాత్రమే నడపదు. హార్డ్‌డిస్క్, ఇతర కార్డులు కూర్చునే పీసీఐ బస్ కూడా ఆ గడియారం నుంచే భాగహారంతో వేగం తీసుకునేది. అది 33 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. 66ను 2తో భాగిస్తే 33, సరి. 100ను 3తో భాగిస్తే 33, అదీ సరి. 83కు మాత్రం సరైన భాజకం లేదు. 2తోనే భాగించాలి, వచ్చేది 41.5. ఆ వేగం దగ్గర హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లే సమాచారం చెడిపోయే ప్రమాదం ఉండేది. చూశారా, 100 కన్నా 83 ఎక్కువ ప్రమాదం! తక్కువ పెంచితే తక్కువ ప్రమాదం అనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క భాగహారం చెబుతుంది.

చవక చిప్‌లో అంత సత్తా ఎక్కడిది?

గుంటూరు మిర్చి యార్డులో ఒకే చేను కాయను రంగు చూసి, తొడిమ చూసి గ్రేడు కడతారు. చిప్ కర్మాగారంలోనూ అంతే. ఒకే సిలికాన్ పళ్లెం మీద వందల చిప్‌లు తయారవుతాయి. కొన్ని ఎక్కువ వేగంతో నడుస్తాయి, కొన్ని తక్కువతో. పరీక్షించి, వేగం అంకె వేసి అమ్ముతారు. తయారీ పద్ధతి కొత్తగా ఉన్నప్పుడు మేలు రకం తక్కువగా వస్తుంది. నెలలు గడిచేకొద్దీ పద్ధతి కుదురుకుని దాదాపు అన్నీ మేలు రకంగానే వస్తాయి. కాని బజారులో ఖరీదైన చిప్ కొనేవాళ్లు కొందరే. చవకది కొనేవాళ్లే ఎక్కువ. అప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? మేలు రకం చిప్ మీదే చిన్న అంకె వేసి అమ్ముతుంది. మనకు దొరికే అదనపు వేగం ఆ తేడాలో దాగి ఉంటుంది.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. 1990ల మధ్యలో కొందరు మోసగాళ్లు తక్కువ వేగం ప్రాసెసర్ మీది అంకె చెరిపి, పెద్ద అంకె ముద్రించి అమ్మేవారు. కొన్నవాడికి తాను ఓవర్‌క్లాక్ చేసిన చిప్ కొన్నట్టే తెలిసేది కాదు. గుణకానికి తాళం పడటానికి చెప్పుకునే కారణాల్లో అదొకటి. ఖరీదైన చిప్‌ల అమ్మకం దెబ్బతినకూడదన్నది ఇంకొకటని నా అభిప్రాయం.

300ఎ తరువాత ఈ వరుసలో చాలా వచ్చాయి. ఏఎండీ 2000 జూన్‌లో తెచ్చిన డ్యూరాన్‌లో చిప్ పైభాగాన తెగి ఉన్న సన్నని గీతలను మామూలు పెన్సిల్‌తో కలిపితే గుణకం తాళం ఊడేది. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైట్ విద్యుత్ వాహకం కదా, అదీ కిటుకు. 2003లో వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్‌కు మూల వేగం 166, గుణకం 11. మూల వేగం 200 చేస్తే 2,200 మెగాహెర్ట్జ్, అంటే ఆ ఏడాదే మే నెలలో వచ్చిన ఖరీదైన 3200 ప్లస్ వేగం. 2007లో ఇంటెల్ పెంటియం ఇ2160 మూల వేగం 200, గుణకం 9. బోర్డు 333 ఇవ్వగలిగితే సరిగ్గా 3 గిగాహెర్ట్జ్.

లెక్క మారలేదని గమనించారా? చవక చిప్, దాని అన్నగారైన ఖరీదైన చిప్, ఒకే కర్మాగారపు పద్ధతి, దగ్గరి గుణకం, మూల వేగంలో మాత్రమే తేడా. ఆ పరిస్థితి ఉన్న చోటల్లా ఓవర్‌క్లాకింగ్ లాభించింది.

2011 జనవరిలో ఇంటెల్ రెండో తరం కోర్ ప్రాసెసర్లతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. మూల గడియారం 100 మెగాహెర్ట్జ్‌తో పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా అన్నీ ముడిపడిపోయాయి. కొన్ని శాతం మించి పెంచితే మిగతావి మొరాయిస్తాయి. గుణకం తాళం తీసిన చిప్‌లకు పేరు చివర 'కె' అక్షరం పెట్టి, ధర కొంత పెంచి అమ్మారు. ఓవర్‌క్లాకింగ్ అప్పటివరకు కొనేవాడి నేర్పు. అప్పటినుంచి అది అమ్మేవాడి సరుకు అయింది.

వేసవి లెక్క

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఇంటెల్ గురించో, ఏఎండీ గురించో చదివేటప్పుడు మీరు చూసే ఫలితాలు ఎక్కువగా చలి దేశాల గదుల్లో తీసినవి. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం మీరు అదే అమరిక పెడితే అదే ఫలితం వస్తుందా? చేసి చూద్దాం.

ప్రాసెసర్ వాడే విద్యుత్తులో ప్రధాన భాగం రెండు వాటి మీద ఆధారపడుతుంది: గడియార వేగం, వోల్టేజి వర్గం. వేగం ఒకటిన్నర రెట్లు చేస్తే విద్యుత్తు ఒకటిన్నర రెట్లు. కాని వేగం పెంచినప్పుడు నెమ్మదైన గొలుసులు అందుకోవాలంటే చాలాసార్లు వోల్టేజి కూడా కొంచెం పెంచాలి. వోల్టేజి 10 శాతం పెంచారనుకోండి. 1.1 వర్గం 1.21. దాన్ని 1.5తో గుణిస్తే 1.815. అంటే వేగం 50 శాతం పెంచితే వేడి 80 శాతానికి పైగా పెరిగింది.

మామూలుగా 65 వాట్లు వాడే ప్రాసెసర్ తీసుకుందాం. ఇప్పుడది సుమారు 118 వాట్లు వాడుతుంది. మన హీట్ సింక్, ఫ్యాన్ కలిసి ఒక వాట్‌కు అర డిగ్రీ చొప్పున వేడెక్కనిస్తాయి అనుకుందాం. 118కి 59 డిగ్రీలు. ఇది క్యాబినెట్ లోపలి గాలి ఉష్ణోగ్రతకు అదనం. లోపల 20 డిగ్రీలు ఉంటే చిప్ 79 దగ్గర ఉంటుంది. ఫరవాలేదు. లోపల 42 ఉంటే? 101 డిగ్రీలు. ఈ వేడి దగ్గర నేటి ప్రాసెసర్లు చాలావరకు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటాయి. అంటే మీరు డబ్బు ఖర్చుపెట్టి, కష్టపడి పెంచిన వేగాన్ని మే నెల వెనక్కి తీసుకుంటుంది. పెంచని 65 వాట్ల ప్రాసెసర్ అదే గదిలో 74 డిగ్రీల దగ్గర నిశ్చింతగా నడుస్తుంటుంది.

వేడెక్కిన ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి, లీకేజి విద్యుత్తు పెరుగుతుంది, దానితో మళ్లీ వేడి పెరుగుతుంది. వోల్టేజి ఎక్కువైతే చిప్ త్వరగా ముసలిదవుతుంది కూడా. ఇది పుస్తకాల మాట కాదు. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అస్థిరంగా మారాయి. అవసరానికి మించిన వోల్టేజి అందడమే మూలమని ఆ కంపెనీయే తేల్చి, మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఎవరూ చేయి పెట్టకుండానే అలా జరిగింది. మనం చేయి పెడితే ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

నా చేతులారా జరిగినది

ఇందాక తప్పు లెక్కతో ముందుకు పోవడం గురించి చెబుతానన్నాను. ఇది నా సొంత కథ.

2004లో నా దగ్గర ఒక చవక ప్రాసెసర్ ఉండేది. జనవరి చలిలో దాని మూల వేగం పెంచాను. జ్ఞాపకం కూడా దానితోపాటే పెరిగింది. పది నిమిషాలు ఒక పరీక్ష నడిపి, ఏమీ ఆగలేదు కాబట్టి అంతా సవ్యమే అనుకున్నాను. స్నేహితులను పిలిచి మరీ చూపించాను. మూడు నెలలు బాగానే నడిచింది. ఏప్రిల్‌లో మా చెల్లెలి పెళ్లి అయింది. ఒక బంధువు డిజిటల్ కెమెరాతో తీసిన ఫోటోలన్నీ నా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అప్పట్లో హార్డ్‌డిస్క్ చిన్నది. చోటు సరిపోక ఫోటోలన్నింటినీ ఒక జిప్ ఫైలుగా కుదించి, సీడీ మీద రాసి, అసలువి చెరిపేశాను. కెమెరా కార్డు అప్పటికే ఖాళీ చేసి ఇచ్చేశాను.

ఆషాఢానికి పుట్టింటికి వచ్చినప్పుడు చెల్లి ఆ ఫోటోలు అడిగింది. జిప్ తెరిస్తే లోపం ఉందని చెప్పింది. సీడీ పాడైందేమో అనుకుని వేరే కంప్యూటర్‌లో పెట్టి చూశాను. సీడీ చక్కగానే ఉంది. ఫైలు పుట్టినప్పుడే చెడి పుట్టింది. ఎండాకాలపు రాత్రి, ఫ్యాన్ తిరుగుతున్నా వేడెక్కిన గదిలో, ఎక్కడో ఒక సున్నా ఒకటి అయిపోయింది. కంప్యూటర్ ఆగలేదు, కేక వేయలేదు. కొన్ని ఫోటోలు బయటికి తీయగలిగాను. తలంబ్రాల ఫోటోలు మాత్రం దొరకలేదు. చెల్లి ఏమీ అనలేదు. "పోనీలే అన్నయ్యా, వీడియో ఉందిగా" అంది. ఆ ప్రాసెసర్‌ను ఆ సాయంత్రమే మామూలు వేగానికి దించాను. దించితే మాత్రం ఏం లాభం, ఆ ఫోటోలు రావు కదా.

పది నిమిషాల పరీక్ష పరీక్ష కాదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెదకడానికి పుట్టిన ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఇందుకు చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. జవాబు ముందే తెలిసిన లెక్కలు గంటల తరబడి చేయించి, వచ్చిన జవాబును సరిచూస్తుంది. తేడా వస్తే చెప్పి ఆపేస్తుంది. ఇలాంటి దాన్ని ఒక రాత్రంతా నడపాలి. అదీ చలికాలంలో కాదు, కిటికీలు మూసిన ఎండాకాలపు గదిలో.

డబ్బు లెక్క

చవక ప్రాసెసర్ ధర ఒక్కటే చూడకండి. ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. చవక ప్రాసెసర్ 8,000 రూపాయలు. దాని పై రకం 11,500. మిగులు 3,500 అని సంతోషిస్తాం. కాని ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతించే బోర్డు మామూలు బోర్డుకన్నా 3,000 ఎక్కువ, పెట్టెతో వచ్చే ఫ్యాన్ చాలదు కనుక మంచి కూలర్‌కు 2,000. మొత్తం 13,000. పై రకం చిప్ నేరుగా కొన్నదానికన్నా 1,500 ఎక్కువ ఖర్చుపెట్టి, వారంటీని ప్రమాదంలో పెట్టుకుని, కరెంటు బిల్లు పెంచుకున్నామన్నమాట. మీరు కొనే రోజున నిజమైన ధరలు పెట్టి ఈ కూడిక వేయండి. కొన్నిసార్లు చవకదే గెలుస్తుంది, ముఖ్యంగా మంచి బోర్డు, కూలర్ పాత కంప్యూటర్ నుంచి మిగిలి ఉంటే.

పెరిగిన వేగం పూర్తిగా మన పనికి చేరదు కూడా. మీ పనిలో 60 శాతం సమయం ప్రాసెసర్ మీద, 40 శాతం డిస్క్, గ్రాఫిక్స్ కార్డు వంటివాటి మీద గడుస్తుందనుకోండి. ప్రాసెసర్ ఒకటిన్నర రెట్లు వేగమైతే 60 కాస్తా 40 అవుతుంది. మొత్తం 100కు బదులు 80. అంటే పని 50 శాతం కాదు, 25 శాతం మాత్రమే వేగంగా అయింది.

వేగం ఒక్కటే చాలదనడానికి 2014 నాటి పెంటియం జీ3258 మంచి సాక్ష్యం. పెంటియం పేరుకు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా ఇంటెల్ 72 డాలర్లకే గుణకం తాళం తీసి ఇచ్చిన చిప్ అది. 3.2 గిగాహెర్ట్జ్ నుంచి 4 దాటించడం చాలామందికి సాధ్యమైంది. కాని అందులో ఉన్నవి రెండే కోర్లు. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఫార్ క్రై 4 అనే ఆట రెండు కోర్ల మీద అసలు మొదలే కాలేదు. ఇద్దరు మనుషులను ఎంత పరుగెత్తించినా నలుగురు మోయాల్సిన పల్లకి లేవదు కదా.

ఈనాటి బజారులో

ఏఎండీ 2017లో తెచ్చిన రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఇప్పటివరకు చాలావాటికి గుణకం తెరిచే ఉంచింది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 5800ఎక్స్3డి వాటిలో ఒకటి. బోర్డు విషయంలో జాగ్రత్త: పేరు 'ఎ' అక్షరంతో మొదలయ్యే ఎ320, ఎ520, ఎ620 వంటి చవక చిప్‌సెట్ల మీద అధికారికంగా ప్రాసెసర్ వేగం పెంచే వీలు లేదు. 'బి' వరుసలో చాలావాటికి ఉంది, అన్నిటికీ లేదు. ఇంటెల్‌లో 'కె' చిప్, 'జడ్' చిప్‌సెట్ బోర్డు రెండూ ఉండాలి. 10వ తరం నుంచి డెస్క్‌టాప్ కోర్ ఐ3లో 'కె' రకమే రాలేదు కాబట్టి, ఇంటెల్ వైపు చవక ఓవర్‌క్లాకింగ్ అన్న మాట దాదాపు లేనట్టే. 2019 చివర్లో ఏఎండీ 49 డాలర్లకు ఇచ్చిన అథ్లాన్ 3000జీ, గుణకం తెరిచిన అతి చవక చిప్‌లలో ఒకటి. దానికీ రెండే కోర్లు.

ఇంకో ముఖ్యమైన మార్పు వచ్చింది. నేటి ప్రాసెసర్లు తమ వేడిని, విద్యుత్తును క్షణక్షణం కొలుచుకుంటూ, వీలున్నంత వేగం తామే పెంచుకుంటాయి. 1998లో మనం టేపు ముక్కతో చేసినది ఇప్పుడు చిప్ తనంతట తానే చేసుకుంటోంది. కాబట్టి మిగిలే అదనపు వేగం స్వల్పం. వేడి ప్రాంతాల్లో ఉన్న విద్యార్థికి నేను చెప్పేది తలకిందులుగా వినిపించవచ్చు: వోల్టేజి పెంచకండి, జాగ్రత్తగా కొద్దికొద్దిగా తగ్గించి చూడండి. వేడి తగ్గితే చిప్ తన పై వేగాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది. అయితే తగ్గించినా రాత్రంతా పరీక్ష తప్పదు. వోల్టేజి చాలకపోయినా ఇటుక పడుతుంది.

కొనేటప్పుడు మొదట కోర్లు మీ పనికి సరిపోతాయా చూడండి. తరువాత బోర్డు పేరు పూర్తిగా రాసుకుని, దాని తయారీదారు పట్టికలో మీ ప్రాసెసర్ ఉందో లేదో సరిచూడండి. "అన్నీ పనిచేస్తాయి సార్" అనే మాట బిల్లు మీద ఉండదు. ఎస్ఎంపీఎస్ దగ్గర ఆదా చేయవద్దు. కరెంటు ఎగుడుదిగుడుగా ఉండే ఊళ్లో చవక ఎస్ఎంపీఎస్ పోతే ఒక్కోసారి బోర్డునూ వెంట తీసుకుపోతుంది. సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ అయితే అమ్మేవారు దాన్ని ఏ వోల్టేజి మీద ఎన్నాళ్లు నడిపారో తెలియదు కాబట్టి ఆ మేరకు ధర తగ్గించి అడగండి. వేగం మార్చేముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట భద్రపరచి, ఆ నకలు తెరుచుకుంటుందో లేదో మరో కంప్యూటర్ మీద చూడండి. కంప్యూటర్ మొదలవకపోతే కంగారు పడకండి. బోర్డు మీద బయోస్ అమరికలు చెరిపే జంపర్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

ఇక ఇంటికి ఒక లెక్క. మూడు పాత ప్రాసెసర్లు ఉన్నాయి. మూడింటికీ మూల వేగం 200, గుణకాలు 8, 9, 11, తాళం వేసినవి. ధర ఆ క్రమంలోనే పెరుగుతుంది. మీ బోర్డు మూల వేగాన్ని 266 గాని 333 గాని ఇవ్వగలదు. సిలికాన్ 3,000 మెగాహెర్ట్జ్ దాటి నమ్మకంగా వెళ్లదు. ఏది కొంటారు, దేని మీద ఏ మూల వేగం పెడతారు? 11 గుణకం చిప్ కొన్న స్నేహితుడికి ఏమని చెబుతారు? మీ గది మే నెల ఉష్ణోగ్రతను కొలిచి, ఇందాకటి వేడి లెక్కను కూడా జతచేసి చూడండి.